తాతయ్య జానెడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. కుట్టుమిషన్ ముందు అమ్మ. కిటికీ పక్కన గోళ్లు కత్తిరించుకుంటూ అత్త. బస్సు డ్యూటీ దిగి వచ్చి ముసుగుతన్ని పడుకున్న నాన్న. వీధి తలుపు వెనక చిత్రిక పట్టుకుని తాతయ్య. తలుపుకి ఇవతల, ముక్కు దానికి తగిలేంత దగ్గరగా నేను. బయట నిలబడ్డ మనిషిని ఇంట్లో ఉన్నవాళ్ల లెక్కలో వేసుకోవచ్చో లేదో నాకు తెలియదు. డైరీలో మాత్రం ఐదుగురం అనే రాసుకున్నాను.

నన్నెవరూ బయటికి గెంటలేదు. తలుపు పని చేసేటప్పుడు తాతయ్య పద్ధతే అంత. లోపల లైటు వేసి, నన్ను బయట నిలబెట్టి, నా మొహం మీదే తలుపేస్తాడు. సందులోంచి వెలుతురు ఎక్కడ ఎంత కనిపిస్తోందో నేను చెప్పాలి. ఆయనకి దగ్గరి చూపు తగ్గాక నాకు ఈ ఉద్యోగం వచ్చింది. దూరపు చూపుకి మాత్రం ఢోకా లేదు. అరమైలు అవతల గుంజ రవ్వంత వాలినా పట్టేస్తాడు. మా ఊరి కంచెలన్నీ ఆయన వేసినవే.

"ఏం కనిపిస్తోందే?"

"పైన వేలు పట్టేంత. కింద అసలేం లేదు."

"గట్టిగా చెప్పు. తలుపుకి చెప్తున్నావా, నాకు చెప్తున్నావా?"

"గుసగుసకి అంత గొంతెక్కడిది నాన్నా," అంది లోపలినుంచి అత్త. నాకా పేరు పెట్టింది తనే. పోస్టాఫీసులో రోజంతా ధన్ ధన్ మని ముద్రలు కొట్టే మనిషికి నా గొంతు గొంతులా అనిపించదు.

"వానలకి చెక్క నీళ్లు తాగింది," అన్నాడు తాతయ్య. చిత్రిక చప్పుడు మొదలైంది.

అప్పుడే నా వెనక ఎవరో ఆగారు. భుజాలకి రెండు సంచులు, మోకాళ్ల దాకా బురద. "తలుపు తియ్యరా?" అని అడిగారావిడ. సందు చూస్తున్నామండీ అని చెప్పాలి. నేను తలుపు వైపు చూశాను. ఆవిడ కూడా చూశారు. ఇద్దరం కలిసి కాసేపు ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాం.

ఆ వానాకాలం మట్టి మేడమ్ మా ఇంటికి అలా వచ్చారు. ఆ పేరు కూడా అత్త పెట్టిందే.

ఊరి కమిటీ ఆవిడకి మా మేడమీది గది ఇప్పించింది. కిందటేడు పక్క ఊరి కొండ జారి బడి గోడ దాకా వచ్చింది. ఈ ఏడు మా కొండ సంగతేమిటో తేల్చాలి. పెద్ద వానలు రాకముందే మేడమ్ మ్యాపు ఇవ్వాలి. అందులో ఎర్ర రంగు పడ్డ ఇళ్లవాళ్లు ఖాళీ చేసి బడికి మారాలి. ఆకుపచ్చ పడ్డవాళ్లు ఉండొచ్చు. కొండ కింద మొదటి వీధి మాదే. మొత్తం పదకొండు ఇళ్లు. మాది నాలుగోది.

"నేనీ గడప దాటను," అని తాతయ్య మొదటి రోజే చెప్పేశాడు. "రాయి రాయీ పేర్చి కట్టుకున్నాను. రంగు చూసి లేచిపోతానా?"

మేడమ్ మనుషులు మా ఇంటి పైన వాలులో ఇరవై నాలుగు గుంజలు రెండు వరసలుగా పాతి వెళ్లిపోయారు. మనిషి గుండెలదాకా వస్తాయి. తలమీద ఎర్ర రంగు, ఒక మేకు. మేడమ్‌కి ఇంకో రెండు ఊళ్ల కొండలు కూడా ఉన్నాయి. రోజూ ఇక్కడ కొలవడం కుదరదు. అందుకని ఆ పని నాకు అప్పజెప్పారు. మేకుకి దారం తగిలించి, దాని చివర ఇత్తడి గుండు వేలాడదీయాలి. గుంజ మొదలుకీ దారానికీ మధ్య ఎంత దూరముందో స్కేలుతో చూసి రిజిస్టర్లో రాయాలి. రోజూ పది గంటలకి.

"ఇలా కొలిస్తే మేడమ్ తెచ్చిన కంప్యూటర్‌కి ఏం తెలుస్తుంది?" అనుకున్నాను. అడగలేదు. మొహంలో కనిపించిందేమో, ఆవిడే చెప్పారు.

"సిమెంటు కలిపిన తట్ట వాలులో బోర్లించావనుకో. గట్టిగా కలిపితే పడ్డచోటే కుప్పగా కూర్చుంటుంది. నీళ్లెక్కువైతే నీ కాళ్లదాకా పాకుతుంది. మీ కొండ ఎలాంటి కలుపో ఈ పెట్టెకి తెలియదు. గుంజలు ఎంత వేగంగా వాలుతున్నాయో చెప్తే, నేల లోపల ఎంత మెత్తబడిందో అది వెనక్కి లెక్క కట్టుకుంటుంది. ఆ తర్వాత జారితే ఎందాకా వస్తుందో చూపిస్తుంది."

తెరమీద మా కొండ చిన్న చిన్న గడులుగా ఉంది. ఒక్కో గడీ పక్క గడికి మట్టి అందిస్తోంది. అన్నిటికన్నా కింద పదకొండు బుల్లి గడులు. నాలుగోదాని మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది.

మొదటి వారం గుంజలు కొంచెం కొంచెంగా వాలాయి. మూడు మిల్లీమీటర్లు. అయిదు. పదోది పన్నెండు. తర్వాత ఒక రోజు అన్నీ సున్నాలు వచ్చాయి. నా కొలతే తప్పేమోనని గుండు మార్చి మళ్లీ కొలిచాను. సున్నాలే. అన్ని గుంజల మొదట్లోనూ కొత్తగా రాళ్లు కూరి ఉన్నాయి.

మర్నాడు తెల్లవారగానే వెళ్లాను. తాతయ్య గడ్డపారతో పదో గుంజ దగ్గర ఉన్నాడు. ఒక కన్ను మూసి వరస చూస్తున్నాడు.

"చూడు, దారం పట్టినట్టు లేదూ?" అన్నాడు నన్ను చూసి. మొహం వెలిగిపోతోంది. "పాతినవాడెవడో చేతుల్తో కాదు, కాళ్లతో పాతాడు. మన ఇంటి నెత్తిన వంకర గుంజలుంటే మాట ఎవడికొస్తుందే? ముసలాడికి చెయ్యి పడిపోయిందనుకోరూ?"

"వాటిని వాలనివ్వాలట తాతయ్యా," అన్నాను.

"ఆఁ?"

"వాలితే వాలనివ్వాలట. మేడమ్ చెప్పారు."

ఈసారి వినిపించింది. ఆయన నవ్వాడు. "గుంజని వాలనివ్వడమేంటే? గుంజ వాలిందంటే పాతినవాడి తప్పు. నేల తప్పు ఎప్పుడూ కాదు. యాభై ఏళ్లనుంచీ పాతుతున్నా, నాకు తెలీదూ?"

ఇంకోసారి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంటికొచ్చి మేడ మెట్లు మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లు దిగాను. మొదటిసారి మేడమ్ ఫోన్లో ఉన్నారు. రెండోసారి తల తుడుచుకుంటున్నారు. మూడోసారి ఏమీ చెయ్యడం లేదు, ఖాళీగానే ఉన్నారు. "ఏమ్మా?" అన్నారు. రిజిస్టర్ చేతికిచ్చి దిగిపోయాను.

ఆవిడ రెండు రోజులు వేరే ఊరు వెళ్లొచ్చి, మెట్ల మీదే ఆగి రిజిస్టర్ తిరగేశారు. "ఇంత శుభ్రంగా రాసేవాళ్లు మా ఆఫీసులో కూడా లేరు," అన్నారు. ఆ మాట విని అమ్మ మిషన్ ఆపింది. నా గురించి ఒకరు మంచి మాట అనడం, అది ఇంట్లో వినబడడం అదే మొదలు. ఆ తర్వాత నిజం చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

రిజిస్టర్లో నేను అబద్ధం రాయలేదు. పది గంటలకి గుంజలు నిలువుగానే ఉండేవి. రాత్రీ పొద్దుటా మధ్య అవి ఎంత వాలేవో తాతయ్యకి మాత్రమే తెలుసు. అందుకని పొద్దున్నే టీ తాగేటప్పుడు ఆయన్నే అడగడం మొదలుపెట్టాను.

"ఇవాళ ఎన్ని తాతయ్యా?"

"ఏడు. పదోది మళ్లీ వాలింది. మొండిఘటం, అచ్చం మీ అత్త. ఈసారి నాలుగు వేళ్లు."

"నన్ను పాతినవాళ్లెవరో వాళ్లనే అడుగు నాన్నా," అంది అత్త.

ఏళ్ల తరబడి ఆయన పని గురించి ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనడిగితే చిన్నపిల్లాడిలా చెప్పేవాడు. ఏ గుంజ, ఏ వైపు, ఎంత. అంతా డైరీలో రాసేదాన్ని. ఐదోది రెండు వేళ్లు. పదోది బెత్తెడు. పదకొండోది మూడు వేళ్లు. ఈ రోజు తలుపు మళ్లీ పట్టేసింది, మూడోసారి చిత్రిక. రాసేస్తే చెప్పేసినట్టే అనిపించేది. దిండు కింద పెట్టేసరికి మళ్లీ చెప్పనట్టే ఉండేది.

ఆ రోజుల్లో నాకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే కొండ వైపు చూడాలనిపించేది. కొండ మీదికి వెళ్తే ఇంటికి పరిగెత్తాలనిపించేది. వాన పడితే భయం, ఆగితే ఇంకా భయం. "కాలుకాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు?" అని అమ్మ కసిరేది. రెండు రోజులు ఆగకుండా కురిసిన మర్నాడు తాతయ్య ఒళ్లంతా బురదతో వచ్చి, పీట మీద కూలబడి, "జానెడు," అన్నాడు. "పదోది ఒక్క రాత్రిలో జానెడు. ఏం కర్రో ఏమిటో!" అమ్మ ఆయన తల తుడిచింది. నేను రాసుకున్నాను. జానెడు అని రాసి, కింద గీత గీశాను.

మేడమ్ మ్యాపు గీసిన రోజు సాయంత్రం అందర్నీ పైకి పిలిచారు. గదిలో మంచం, బల్ల, ఆరబెట్టిన సాక్సులు. తెరమీద కొండ పైనుంచి గోధుమరంగు కదిలింది. వాగు మలుపు దాకా వచ్చి, అక్కడ పరుచుకుని ఆగిపోయింది. మా వీధికి ఇంకా చాలా దూరముంది.

"మీ వీధి ఆకుపచ్చే," అన్నారు మేడమ్. "మొదటి వారం వాలింది పాతిన చోట మట్టి సర్దుకోవడమే, ఆ తర్వాత అన్నీ సున్నాలేగా. రేపు పొద్దున కమిటీవాళ్లకి ఇచ్చేస్తాను."

అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. కిందకి వెళ్లి, వారం కిందట కట్టిన మూటలు విప్పడం మొదలుపెట్టింది. "నేను చెప్పలేదూ?" అని తాతయ్య రెండుసార్లు అన్నాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఇందులో సగం పని మీ పిల్లదే," అన్నారు మేడమ్. అందరూ నావైపు చూశారు.

అందరూ దిగాక నేను నా డైరీ తీసుకుని మళ్లీ ఎక్కాను. ఏం చెప్పాలో మెట్టుకో మాట చొప్పున సర్దుకున్నాను. గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. డైరీ తెరిచి కంప్యూటర్ మీటల మీద పెట్టాను.

"ఇవి కూడా ఎక్కించండి," అన్నాను.

ఆవిడ నిలబడే ఒక పేజీ చదివారు. తర్వాత కూర్చున్నారు. ఎనిమిది పేజీలు చదివేదాకా తల ఎత్తలేదు. తిడతారేమోనని చూశాను. తిట్టలేదు.

"రోజూ నిలబెడుతున్నారా?"

తల ఊపాను.

"మూడు వేళ్లు, బెత్తెడు, జానెడు." పేజీ మీద వేలు ఆగింది. "ఎవరి జానెడు?"

"తాతయ్యది."

"ఎంతుంటుంది?"

"తెలీదు."

స్టీలు స్కేలు నా చేతికిచ్చారు. "తెలుసుకునిరా."

తాతయ్య కింద గదిలో చిత్రిక బ్లేడు నూరుతున్నాడు. ఆ సాయంత్రం ఆయన ఎంత హుషారుగా ఉన్నాడంటే, ఈల వేస్తున్నాడు. మా ఇంట్లో ఆయన ఈల విన్నవాళ్లు తక్కువ.

"చెయ్యి చాపు తాతయ్యా."

"జాతకం చెప్తావా?"

బ్లేడు పక్కన పెట్టి, అరచెయ్యి లుంగీకి తుడుచుకుని, బల్ల మీద పరిచాడు. బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా చాచమన్నాను. చాచాడు. గోళ్ల సందుల్లో కొండ మట్టి ఉంది. స్కేలు పెట్టి చూశాను. ఇరవై మూడున్నర సెంటీమీటర్లు. బెత్తెడు కోసం నాలుగు వేళ్లు దగ్గరగా పెట్టమన్నాను. ఎనిమిదిన్నర. ఒక వేలు మందం, రెండు.

"ఎందుకే?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ కొలవరు. మీ అమ్మ చేత చేతొడుగులు కుట్టిస్తావా ఏంటి?" అని నవ్వాడు. నేను లేస్తుంటే రెండో చెయ్యి కూడా చాపాడు. "ఇది వద్దా?"

"ఒకటి చాలు తాతయ్యా."

పైకి వెళ్లి అంకెలు చెప్పాను. మేడమ్ ఒక్కో గుంజకీ కూడుకుంటూ వచ్చారు. పదోదానికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఇరవై ఆరు రోజుల్లో నూట ముప్పై సెంటీమీటర్లు.

"ఈ గుంజ ఈపాటికి నేలమీద పడుకుని ఉండాలి," అన్నారు.

మళ్లీ లెక్క వేశారు. పెట్టె చాలాసేపు వేడిగా ఊపిరి వదిలింది. ఈసారి గోధుమరంగు రెండో వరస గుంజల దగ్గరే విడిపోయింది. వాగు మలుపు దగ్గర ఆగలేదు. మలుపు నిండి, పైనుంచి పొర్లి, మా వీధి వైపు వచ్చింది. పదకొండు గడుల్లో మొదటిది మునిగింది. రెండు. మూడు. నాలుగోది సగం నిండాక ఆగింది.

"ఇంకోసారి వెయ్యండి," అన్నాను.

నీళ్లు తగ్గించి వేశారు. పెంచి వేశారు. కొంచెం అటూ ఇటూ తప్ప తేడా లేదు. అప్పుడు ఆవిడ డైరీ వెనక పేజీ తిప్పి, "ఆ వీధి తలుపు ఎన్నిసార్లు చిత్రిక పట్టారు?" అని అడిగారు.

"అయిదు. అందులో ఉంది."

"చెక్క నీళ్లు తాగలేదమ్మా. ఇల్లే ఒరుగుతోంది."

మర్నాడు పొద్దున కమిటీ పెద్దాయన మా ముందు గదిలో కూర్చున్నారు. వీధివాళ్లు కొందరు గుమ్మంలో నిలబడ్డారు. మేడమ్ మ్యాపు పరిచారు. మొదటి నాలుగిళ్లు ఎరుపు. మిగతావి కూడా జాగ్రత్తకి మారితే మంచిదని చెప్పారు.

"నిన్న సాయంత్రం ఆకుపచ్చ అన్నారట. తెల్లారేసరికి ఎరుపెక్కిందా?" అన్నారు పెద్దాయన. "మీ కంప్యూటర్‌కి జ్వరమేమైనా తగిలిందా?"

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ నావైపు చూడలేదు. "కొలతల్లో తేడా వచ్చిందండీ. గుంజల్ని ఎవరో రోజూ నిలబెడుతున్నారు."

"ఎవరో ఏంటి? నేనే," అన్నాడు తాతయ్య. గర్వంగానే అన్నాడు. "పాతడం రానివాడు పాతితే నేను సరిచేశాను. అందులో తప్పేముందమ్మా?"

అప్పుడు మేడమ్ ఆయనకి మొత్తం చెప్పారు. మెల్లగా, సిమెంటు తట్ట దగ్గర్నుంచీ చెప్పారు. తాతయ్య మొహంలో ముందు కోపం వచ్చింది. తర్వాత అది కూడా పోయింది. "ఎంతెంత నిలబెట్టానో మీకెలా తెలుసు?" అని అడిగాడు. తాతయ్య తన కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"అందుకా?" అన్నాడు.

ఆ వానాకాలం ఆయన నాతో ఆడిన ఆఖరి మాట అదే.

రెండు రోజుల్లో వీధి వీధంతా బడికి మారింది. మాకు ఏడో తరగతి గది వచ్చింది. నేను చదివిన గదే. నల్లబల్ల కింద అమ్మ మిషన్, నా పాత బెంచీ మీద అత్త పెట్టె. గడప దాటనన్న మనిషి ఒక్క మాట మాట్లాడకుండా దాటాడు. అందరూ పాత్రలూ పరుపులూ మోస్తుంటే ఆయన మాత్రం వీధి తలుపు కీళ్లు విప్పి, దాన్ని వీపున వేసుకుని వచ్చాడు. బడి గోడకి చేరేసి, పైన గోనెపట్టా కప్పాడు.

తర్వాత తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. పైగా ఎండ కాసింది. పిల్లలు బడి ఆవరణలో బట్టలారేసిన తాళ్ల కింద ఆడుకున్నారు. పంపు దగ్గర మాటలు మొదలయ్యాయి.

"మీ పెట్టెలో కొండ ఎప్పుడో జారిపోయిందటగా పిల్లా? ఆ ముక్క కొండకి కూడా చెప్పారా?"

"సొంత తాతనే పట్టించింది మహాతల్లి."

"పట్టించకపోతే మీరంతా ఈపాటికి హాయిగా మీ ఇళ్లలో కూర్చుని మా మీద పడి ఏడ్చేవాళ్లు, నాకు తెలుసులే," అని అత్త బిందె ఎత్తుకుంది. నాతో మాత్రం, "నిజం చెప్పేదానివి మొదటి రోజే చెప్పి చావచ్చుగా గుసగుసా," అంది.

వీధివాళ్లు పగటిపూట ఇళ్లకి వెళ్లి వండుకోవడం మొదలుపెట్టారు. ఆదివారం దాకా చూసి మనమూ వెళ్లిపోదామన్నాడు నాన్న. ఆ రాత్రి డైరీలో, కొండ జారితే బాగుణ్ను అని రాశాను. చదువుకున్నాక పేజీ చిరిగేలా కొట్టేశాను.

తాతయ్య మాత్రం రోజూ తెల్లారగానే వాగు వంతెన మీదికి వెళ్లి నిలబడేవాడు. అక్కడినుంచి వాలు మొత్తం కనిపిస్తుంది. గుంజల జోలికి ఎవరూ పోకూడదని మేడమ్ కట్టడి చేశారు. చెయ్యి పెట్టడానికి వీల్లేని గుంజల్ని ఆయన అలా దూరం నుంచి చూసి వచ్చేవాడు. టీ తాగేటప్పుడు ఎన్ని వాలాయని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

పదో రోజు వెళ్లినవాడు వెళ్లినట్టే వెనక్కి వచ్చాడు. పరిగెత్తాడో ఏమో, రొప్పుతున్నాడు. నన్ను దాటుకుని మేడమ్ దగ్గరికి వెళ్లాడు.

"పై వరస మొత్తం పడుకుందమ్మా. కింద వరసలో మూడే నిలబడి ఉన్నాయి."

మేడమ్ ఫోను అందుకునేలోపే ఆయన గడ్డపార తీసుకుని మా వీధిలోకి వెళ్లిపోయాడు. వెనకే నాన్న. ఏ ఇంట్లో పొగ వస్తుంటే ఆ ఇంటి తలుపు గడ్డపారతో బాదాడట. పొయ్యి మీద గిన్నె దించనివ్వలేదట. రానని మొండికేసిన ఒక ముసలావిణ్ని కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. అందరూ బడి గేటు దాటేసరికి పదిన్నర. కమిటీ పెద్దాయన నిలబెట్టి తలలు లెక్కపెట్టారు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టారు.

పదకొండు గంటలకి కొండ వచ్చింది. వాన లేదు. లారీలోంచి కంకర దించుతున్న చప్పుడు. ఎంతకీ దించడం అయిపోని లారీ. గోడ మీదినుంచి చూస్తే చెట్లు నిలువుగానే, ఎవరో నడిపించుకొస్తున్నట్టు, కిందకి వచ్చాయి. వాగు మలుపు నిండింది. పొర్లింది. తర్వాత దుమ్ములో ఏమీ కనిపించలేదు. అది విడిపోయేసరికి మా ఇంటి మేడమీది గది కిటికీ ఒక్కటే మట్టిలోంచి బయటికి చూస్తోంది. అయిదో ఇల్లు, ఆరో ఇల్లు కూడా పోయాయి.

"నా లెక్కకన్నా రెండిళ్లు ఎక్కువ," అన్నారు మేడమ్.

అమ్మ ఏడుస్తోంది. నాన్న గోడ పట్టుకుని నిలబడ్డాడు. తాతయ్య కన్నార్పకుండా చాలాసేపు చూశాడు. "నేలదే తప్పు," అన్నాడు చివరికి. ఎవరితోనూ కాదు.

పంపు దగ్గర మాటలు ఆగిపోయాయి. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నేనూ ఏమీ కోరుకోలేదు, ఒక్కటి తప్ప. అది మాత్రం రాలేదు. తాతయ్య నా పక్కనే కూర్చుని తినేవాడు. నేను నీళ్లిస్తే తాగేవాడు. మాట మాత్రం లేదు. రోజులు లెక్కపెట్టి డైరీ అంచున గీతలు పెట్టేదాన్ని.

వానలు వెనకపట్టాక ఊరికి అవతల, మిట్ట మీద, వరసగా ఇళ్లు లేచాయి. మా ఇంటికి గోడలైపోయాయి, గుమ్మం నిలబెట్టారు. గుండు వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. తాతయ్య గోనెపట్టా విప్పి పాత తలుపు తెచ్చాడు. ఒరిగిపోతున్న ఇంటికి సరిపోయేలా ఐదుసార్లు చెక్కిన తలుపు అది. నిటారుగా ఉన్న గుమ్మంలో అది ఎలా పొసుగుతుంది? పైన ఒక మూల బెత్తెడు సందు.

"కొత్తది చేయిద్దాం నాన్నా," అన్నాడు మా నాన్న.

తాతయ్య వినిపించుకోలేదు. మూడు రోజులు దానితోనే కూర్చున్నాడు. చెక్కేసినంత మేరా సన్నటి పట్టీలు కోసి, జిగురు పెట్టి, మేకులు కొట్టి, తన చేత్తో తీసేసిందంతా తన చేత్తోనే తిరిగి అతికించాడు.

మూడో రోజు మధ్యాహ్నం నేను టీ తీసుకెళ్లాను. అప్పుడే తలుపు కీళ్లకి ఎక్కించాడు. గ్లాసు గడప మీద పెట్టి వెళ్లిపోబోయాను. డైరీలో అప్పటికి నూట నలభై ఒక్క గీతలు.

"ఎక్కడికే?"

ఆగాను. తాతయ్య లోపల లైటు వేశాడు. గ్లాసు తీసి కిటికీలో పెట్టాడు. తలుపు అంచు పట్టుకుని, నన్ను పైనుంచి కిందదాకా ఒకసారి చూశాడు, వరస చూసినట్టు.

"అక్కడే నిలబడు," అన్నాడు. "ఈసారి నాకు వినబడేలా చెప్పు."

నా మొహం మీదే తలుపేశాడు.